మోకాళ్ళ నూనె

కబడ్డీలో ఒంటికి నూనె పూసుకుని బరిలోకి దిగకూడదు. నూనె ఉంటే పట్టు జారుతుంది కాబట్టి ఆ రూలు. మ్యాచ్ మొదలయ్యే ముందు రెఫరీ అందరినీ వరసలో నిలబెట్టి చేతులూ పిక్కలూ తడిమి చూస్తాడు, గోళ్ళు చూస్తాడు, ఆ తరవాతే విజిల్. నా తంటా ఏమిటంటే నూనె లేకపోతే నా కుడి మోకాలు వంగదు. అందుకని పొద్దున్నే మర్దన చేసుకుని, గంటసేపు ఎండకు కూర్చుని, ఆపైన పొడిమట్టి గుప్పిళ్ళతో తీసి కాళ్ళకీ చేతులకీ రుద్ది, గోనెపట్టాతో తుడిచేసేవాణ్ణి. రెఫరీ చెయ్యి వేస్తే గరుకుగా తగిలేది. పన్నెండేళ్ళు ఆడాను, ఒక్కసారి కూడా దొరకలేదు. అప్పుడే ఎవడో ఒకడు పట్టుకుని బయటికి గెంటి ఉంటే బాగుండేదని ఈ మధ్య అనిపిస్తోంది.

ఆ నూనె నాకు అలవాటు చేసింది మా కెప్టెన్. ఆయన పలమనేరు అవతల పల్లె మనిషి, నేను తిరుపతి వాణ్ణి. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. రక్తసంబంధం ఏమీ లేదు గానీ అన్నా అనే పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. జట్టులో నేను ఎడమ మూలన నిలబడేవాణ్ణి, ఆయన నా పక్కన. నా కుడిచెయ్యి ఆయన ఎడమచేతిలో ఉండేది. అవతలి జట్టువాడు కూతకు వచ్చినప్పుడు మూలనున్న జత చెయ్యి వదిలిందంటే వాడు ఆ సందులోంచే పోతాడు. అందుకని మా ఇద్దరి మధ్యా ఒకటే మాట, ఏమైనా సరే చెయ్యి వదిలేది లేదు.

ఒక మ్యాచ్‌లో కూతకు వచ్చినవాణ్ణి ఇద్దరం కలిసి పడగొట్టాం. నా కాలు కింద మెలిపడి ఉంది. అన్న బరువంతా వచ్చి దాని మీద పడింది. ఆయన నా చెయ్యి వదిలి పక్కకు దొర్లి ఉంటే నా మోకాలు దక్కేది. ఆయన వదల్లేదు. పాయింటు మాకే వచ్చింది, ఆ మ్యాచ్ కూడా మేమే గెలిచాం.

పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించింది ఆయనే. బస్సులో మూడు సీట్లూ ఆక్రమించి నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, పైన గుడ్డ. కట్టు మార్చాల్సిన ప్రతిసారీ తనే వచ్చాడు. ఆఖరి కట్టు విప్పిన రోజు బస్టాండు పక్కన ఓ ముసలాయన దగ్గర సీసా నూనె కొన్నాడు. నువ్వుల నూనెలో వావిలాకు, కర్పూరం, నీలగిరి తైలం వేసి కాచిన నూనె. 'ఇది పూసుకోప్పా, నేనూ ఇదే పూసుకుంటా ఉండా' అన్నాడు. ఆయన మోకాళ్ళు అప్పటికే రెండూ అరిగిపోయి ఉన్నాయి. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ పొద్దున కాఫీ కంటే ముందు ఆ నూనె.

తరవాత రోజులు కొన్నాళ్ళు బాగానే నడిచాయి. టీవీలో వచ్చే లీగులో ఒకే జట్టుకు మూడు సీజన్లు ఆడాం. రంగుల దీపాలు, రబ్బరు మ్యాటు, ఏసీ హాలు. మ్యాటు మీద మట్టి ఎక్కడ దొరుకుతుంది? పాలడబ్బాలో పలమనేరు మట్టి జల్లించి పోసుకుని ఊరూరా మోసుకుపోయేవాళ్ళం. ప్రసాదం అనుకుని హోటల్లో ఒకడు దండం కూడా పెట్టాడు. నాలుగో సీజనుకు ఎవరూ పిలవలేదు. ఫోన్ మోగుతుందేమోనని నేను ఒక వేసవి అంతా దాన్ని పక్కలో పెట్టుకుని కూర్చున్నాను. ఆటగాడికి వయసైపోయిందని ఎవరూ వచ్చి చెప్పరు, ఊరికే పిలవడం మానేస్తారు.

నేను తిరుపతిలో ఓ ప్రైవేటు స్కూల్లో పీటీ మాస్టరుగా చేరాను. ఆట నేర్పడానికి కాదు, సాయంత్రం పిల్లల్ని బస్సులెక్కించడానికి. రెండేళ్ళు విజిల్ ఊది మానేశాను. నా భార్య అలిపిరి దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేస్తుంది, ఆమె జీతంతో ఇల్లు గడిచింది. ఆడే రోజుల్లో నేనూ అన్నా ప్రతి సీజనుకూ ముందు అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాళ్ళం. ఇప్పుడు భార్యకు క్యారియర్ ఇవ్వడానికి ఆ మెట్ల ముందు నుంచే పోతాను, తల తిప్పి చూడను.

అన్న పరిస్థితి నాకంటే నయమనే అనుకున్నాను. ఆయనకు వాళ్ళ నాయన పెట్టిన నాలుగెకరాల నల్లద్రాక్ష తోట ఉంది. కానీ ఆయన బాధ తిండిది కాదు. ఊళ్ళో ఎవరు ఎదురైనా 'ఇప్పుడేం చేస్తా ఉండావు కెప్టెన్?' అని అడిగేవాళ్ళు. ఆ మాట పడలేక ఆయన టీ అంగడికి పోవడం కూడా మానేశాడు.

అలాంటి మనిషి ఒకరోజు ఫోన్ చేసి పరుగున రమ్మన్నాడు. పరిగెత్తే కాళ్ళే ఉంటే ఈ గొడవంతా ఎందుకు, బస్సులో వెళ్ళాను. గట్టు మీద కూర్చోబెట్టి సెల్‌ఫోన్‌లో వీడియో చూపించాడు. బయటిదేశాల్లో పెద్ద పెద్ద ఆటగాళ్ళు రిటైరైపోయి ద్రాక్షతోటల్లో తిరుగుతున్నారు, గ్లాసు పైకెత్తి చూస్తున్నారు. సీసా మీద వాళ్ళ సంతకం అచ్చువేసి ఉంది.

'సూడప్పా, ఆట అయిపోయినాక అందరూ ఇదే చేస్తా ఉండారు. వాళ్ళూ ఆటగాళ్ళే, మనమూ ఆటగాళ్ళే గదా.'

'వాళ్ళు ఉబుసుపోక చేస్తారన్నా. మనం బతికేదానికి చెయ్యాల.'

'మన ద్రాక్షకేం తక్కువ? సీసా మీద నా పేరుంటాది. ఇప్పుడేం చేస్తా ఉండావని ఎవుడన్నా అడిగితే సీసా ఎత్తి చూపిస్తా.'

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూడాలి. కప్పు గెలిచిన రోజు కూడా అలా లేడు. నేను కాదనలేకపోయాను. అసలు నాకు మాత్రం వేరే పని ఏముంది గనక.

వదిన, అంటే అన్న భార్య, ఒక షరతు పెట్టింది. రెండు పంటలు. రెండింటిలో ఒక్కటైనా వైను కుదిరి ఎవరో ఒకరు కొంటే సరే, లేకపోతే తోట పీకి టమాటా పెట్టాలి. ఆమె తమ్ముళ్ళు అప్పటికే టమాటా అని పోరుతున్నారు. అన్న ఒప్పుకుని చేతిలో చెయ్యి వేశాడు. ఆ నాలుగెకరాల తీగలు వాళ్ళ నాయన చేత్తో పాతినవి. వైను కుదరకపోతే ఆయన నాయన తోటా పోతుంది, ఆయనకు కొత్తగా రాబోయే పేరూ పోతుంది. మాకు ఆ సంగతి మొదటి రోజు నుంచీ తెలుసు.

లైసెన్సు ఎట్లాగో తెచ్చుకున్నాం. ఒక కన్నడ ముసలాయన వచ్చి పదిరోజులు ఉండి పని నేర్పిపోయాడు. మా ఇంటి చుట్టుపక్కల అడిగినవాళ్ళకు నా భార్య జూసు ఫ్యాక్టరీ అని చెప్పింది. కొండ కింద ఉంటూ మొగుడు వైను చేస్తున్నాడని ఏ నోటితో చెబుతుంది పాపం.

మొదటి పంట వచ్చింది. తెల్లవారకముందే గుత్తులు కోసి, కాడలు తీసి, చేతిమిషన్లో నలిపి, తొక్కతో సహా నీలం డ్రమ్ముల్లో పోయాలి. రెండోరోజుకు రసం పొంగడం మొదలుపెడుతుంది. తొక్కంతా పైకి తేలి దుప్పటిలా గడ్డకడుతుంది. దాన్ని రోజుకు మూడుసార్లు కిందికి తొక్కాలి. కర్రతో తొయ్యమన్నాడు ముసలాయన. అన్న ఒప్పుకోలేదు. 'చెయ్యి పెడితేనే దానికెంత జొరముందో తెలుస్తాది' అని మోచెయ్యి దాకా దించేవాడు. నేనూ అంతే. కబడ్డీ ఆడినవాడికి దేన్నయినా చేత్తో పట్టుకుంటే తప్ప నమ్మకం కుదరదు. పొద్దున్నే నూనె, ఆ తరవాత పొడిమట్టి, ఆ తరవాత సబ్బుతో శుభ్రంగా కడుక్కోవడం, అప్పుడే డ్రమ్ముల దగ్గరికి. మా చేతులంత శుభ్రమైన చేతులు ఆ జిల్లాలోనే ఉండవని మా నమ్మకం.

ఆరు నెలల తరవాత బెంగుళూరు నుంచి ఒకావిడ వచ్చింది. అక్కడి హోటళ్ళకు వైను ఎంచి కొనిపెట్టడం ఆమె పని. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, కాటన్ చీర, తెలుగు బాగా వచ్చు. వదిన పొంగణాలు చేసింది. ఆవిడ ముట్టలేదు, వాసన చూసే పని ఉన్నప్పుడు తినదట. గ్లాసులో రెండు గుటకలు పోయించుకుని తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుంది. నోట్లో పోసుకోలేదు. గ్లాసు కింద పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

'మీలో ఎవరికి కాళ్ళ నొప్పులు?' అంది.

జోస్యం చెప్పే మనిషేమో అనుకున్నాం. 'ఇద్దరికీ' అన్నాడు అన్న, ఆశ్చర్యంగా.

'ఇందులో నొప్పుల నూనె వాసన ఉంది. కర్పూరం, ఇంకేదో ఆకు. ద్రాక్ష దగ్గర ఏ వాసన ఉంటే అది పట్టేస్తుంది. మీకు తెలియడం లేదా?'

మేమిద్దరం గ్లాసులో ముక్కులు పెట్టాం. నాకు ద్రాక్ష వాసన తప్ప ఇంకేమీ రాలేదు. అన్న తన చెయ్యి వాసన చూసుకున్నాడు, నా చెయ్యి వాసన చూశాడు, గోడ వాసన చూశాడు. చివరికి వదినను పిలిచి చెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

'నాకెందుకు సూపిస్తారు? పెండ్లయిన కాడి నుంచీ తెలుసు. మీరిద్దరూ రోడ్డు మలుపు కాడ ఉండంగానే వంటింట్లోకి వచ్చేస్తాది' అంది ఆమె.

'మరి ఒక్కదినమన్నా సెప్పలేదే?'

'మీరు ఒక్కదినమన్నా అడిగినారా?'

ఆవిడ నవ్వింది. మేమూ నవ్వాం. పన్నెండేళ్ళు రెఫరీలను మోసం చేశామని మురిసిపోయిన వెధవలం. మట్టి రుద్దితే జిడ్డు పోతుంది గానీ వాసన పోదని మాకు ఎవరూ చెప్పలేదు, మాకూ తట్టలేదు. రెఫరీ ముక్కుతో చూడడు కదా. ఆవిడ వెళ్ళేటప్పుడు మంచిమాటే చెప్పింది. ద్రాక్ష బాగుంది, పనీ బాగుంది, వచ్చే పంటలో ఆ వాసన లేకపోతే మొత్తం తనే తీసుకుంటానంది.

ఆ సాయంత్రమే అన్న ఇంట్లో ఉన్న నూనె సీసాలన్నీ తెచ్చి గోతిలో పోసి మన్ను కప్పాడు. 'ఈ పొద్దు నుంచి మనిద్దరికీ నూనె లేదప్పా. వచ్చే పంట డ్రమ్ములో పడేదాకా ఓర్సుకోవాల. ఆరు నెలలే గదా' అన్నాడు. నేను సరేనని చేతిలో చెయ్యి వేశాను. షెడ్డుకు సున్నం కొట్టాం, పాత డ్రమ్ములు పారేసి కొత్తవి తెచ్చాం, కప్పు మీద తడకలు కూడా మార్చాం.

ఆయన మానేశాడు. నిజంగా మానేశాడు. నెల తరవాత వెళితే కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మూడో నెలలో వెళితే మిద్దె మెట్లు కూర్చుని ఒక్కొక్కటే జరుగుతూ దిగుతున్నాడు, చిన్నపిల్లల్లా. వేడినీళ్ళ కాపడం, ఆముదపాకు కట్టు, పళ్ళ బిగువున నడక. వదిన నా వైపు చూసి 'మీ అన్నకు పిచ్చి పట్టింది' అంది. ఆయన మాత్రం ఉషారుగా ఉన్నాడు. 'మల్లెపూల వాసన తెలుస్తా ఉండాదప్పా నాకు. మీ వదిన తల్లో పెట్టుకుంటే వాకిట్లోకి వస్తాది. ఇన్నేండ్లూ నాకు తెలవనే లేదు' అన్నాడు.

నేను నలభై రోజులు ఓర్చుకున్నాను. నలభై ఒకటో రోజు పొద్దున మంచం మీద నుంచి లేవలేక పక్కమీదే ఉండిపోయినప్పుడు, నా భార్యే బీరువాలోంచి పాత సీసా తీసి మర్దన చేసింది. తిరుపతిలో పూసుకుంటే పలమనేరులో డ్రమ్ముకేం తగులుతుందని ఇద్దరం సర్దిచెప్పుకున్నాం. పలమనేరు పోయేముందు రెండు రోజులు ఆపి, అక్కడ మామూలుగా కుంటుతూ తిరిగేవాణ్ణి. అన్న నన్ను చూసి, పాపం నువ్వు కూడా అని భుజం తట్టేవాడు. నేను తట్టించుకునేవాణ్ణి.

రెండో పంట కోతకు వచ్చింది. ఆ ఏడు కాయ ఎలా వచ్చిందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. పందిరి కింద నడిస్తే తలకు గుత్తులు తగిలేవి. మొదటి రెండు రోజులు నూనె లేకుండానే పనిచేశాను. పెట్టెలు మోసి, స్టూలు ఎక్కి దిగి, డ్రమ్ములోకి వంగి. రెండోరోజు సాయంత్రానికి మోకాలు గుమ్మడికాయంత వాచింది. మూడోరోజు పొద్దున నేను రాలేనని చెప్పి ఉండవచ్చు. అన్న ఏమీ అనేవాడు కాదు. కూలీలను పెట్టుకునేవాడు. కానీ ఆయన రెండు మోకాళ్ళతో నిలబడి ఉంటే నేను ఒక్క మోకాలికి కూర్చుండిపోవడం నా వల్ల కాలేదు. మూలన నిలబడిన జతలో ఒకడు లేచి వెళ్ళిపోతే ఇంకొకడు ఏం చేస్తాడు? ఇది నేను అప్పుడు చెప్పుకున్న సాకు. నిజంగా అలానే అనుకున్నాను కూడా.

సంచి అడుగున చిన్న సీసా ఉంది. దాన్ని తిరుపతి నుంచే తెచ్చుకున్నాను. మోటారు షెడ్డులోకి పోయి తలుపేసుకుని మోకాలికి పూసుకున్నాను. పొడిమట్టితో రుద్దాను. చేతులు సబ్బుతో ఒకసారి, నిమ్మచెక్కతో ఒకసారి, మళ్ళీ మట్టితో ఒకసారి తోమి కడిగాను. ప్యాంటు కిందికి దించి మోకాలి మీద పాతగుడ్డ చుట్టాను. ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని చూసుకుంటే ఏ వాసనా లేదు. నా ముక్కుకు ఈ నూనె వాసన తెలియదని బెంగుళూరావిడ ముందు బయటపడి ఆరు నెలలే అయింది. అయినా దాన్నే నమ్మాను. పదకొండు రోజులు, రోజూ పొద్దున, అదే పని.

ఐదోరోజో ఆరోరోజో, డ్రమ్ము దగ్గర నేను చెయ్యి దించబోతుంటే అన్న పక్కనుంచి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా మెల్లగా తడిమాడు.

'గరుగ్గా ఉండాదే' అన్నాడు.

'పని గదన్నా' అన్నాను.

ఆయన నా చెయ్యి వదిలి పక్క డ్రమ్ము దగ్గరికి పోయాడు. గండం గడిచిందనుకుని నేను చెయ్యి మోచెయ్యి దాకా దించాను.

ఆరు నెలలు ఆగాం. ఆవిడ వచ్చింది. ఈసారి వదిన ఏమీ చెయ్యలేదు, వాకిట్లో నిలబడింది. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సీసా మీద అంటించే కాగితం ముందే ఒకటి అచ్చు వేయించి పెట్టుకున్నాడు, ఆయన సంతకం, కింద కూతకు వంగిన మనిషి బొమ్మ. అది జేబులో ఉంది, అంచు బయటికి కనిపిస్తూ. ఆవిడ గ్లాసు తిప్పింది, ముక్కు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ఈసారి ఒక గుక్క నోట్లో పోసుకుని పక్కకు ఉమ్మింది. ఆమె మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

'కిందటేటికంటే చాలా తక్కువ. కానీ ఉంది. నేను తీసుకోలేనండి' అంది.

చెప్పాల్సింది నేను ఆ క్షణంలోనే. నా నోరు తెరుచుకుంది కూడా. అంతలో అన్న అన్నాడు: 'నాదేనమ్మా తప్పు. ఎన్నేండ్ల నూనెనో. ఒంట్లోకి ఇంకిపొయ్యుండాది. చెమట్లో వస్తా ఉంటాది. మానేస్తే మాత్రం పోతాదా.'

వదిన ఆయన మొహం చూసింది, తరవాత నా మొహం చూసింది. నేను కాళ్ళ వైపు చూసుకున్నాను. తెరిచిన నోరు మూసుకున్నాను. నా బతుకులో నేను చేసిన పనులన్నిటిలోకీ నీచమైనది అదే. నూనె పూసుకోవడం కూడా దాని ముందు ఏపాటిది. నొప్పికి పూసుకున్నాను, సరే. ఇది మాత్రం ఏ నొప్పికి?

వైనంతా కాలవలో పోశాం. ఎర్రటి నీళ్ళు తోట పక్కనుంచే పారాయి. వారంలో జేసీబీ వచ్చింది. తీగలు పీకి కుప్పవేస్తుంటే అన్న వాకిట్లో కర్ర పట్టుకుని నిలబడి ఆఖరి చెట్టు దాకా చూశాడు. టమాటా పెట్టారు. టమాటా వంగి చేసే పని, ఆయన వంగలేడు, అందుకని భూమి వదిన తమ్ముళ్ళ చేతికి పోయింది. నేను తిరుపతికి వచ్చేశాను. నెలకో ఫోను చేసేవాణ్ణి, తరవాత రెండు నెలలకొకటి, ఆ తరవాత అదీ లేదు. ఆయన చేస్తే ఎత్తడానికి భయపడ్డాను.

ఏడాది తరవాత ఎవరో చెబితే తెలిసింది, అన్న చిత్తూరు పోయే రోడ్డు మీద ఒక వైన్ షాపులో కూర్చుంటున్నాడని. ఒక మధ్యాహ్నం పోయాను. పుత్తూరు మీదుగా చుట్టుతిరిగి పోయాను. అదే నూనె సీసా ఒకటి కొని సంచిలో వేసుకున్నాను. ఎందుకు కొన్నానో, వట్టి చేతులతో పోలేక కొన్నట్టున్నాను.

ఇనుప కమ్మీల వెనక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తలమీద గోడకు మా జట్టు పాత ఫోటో, కప్పు ఎత్తుకున్నది. గిరాకీ కోసం ఓనరు పెట్టించాడట. లైన్లో గొడవపడేవాళ్ళు కెప్టెన్ను చూస్తే గమ్మునుంటారని ఈయనకు ఈ పని. కమ్మీల సందులోంచి చెయ్యి వస్తుంది, ఈయన క్వార్టరు సీసా అందిస్తాడు. ఆటగాళ్ళు రిటైరై వైను వ్యాపారం చేస్తారని ఆ వీడియోలో చెప్పింది అబద్ధమేమీ కాదు.

నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. లోపలికి పిలిచాడు. పెట్టెల మధ్య కూర్చున్నాను. ఏవేవో మాటలు అయ్యాయి, నా భార్య సంగతి, వదిన సంగతి. ఇంక ఆగలేక అన్నాను.

'అన్నా, రెండో పంటప్పుడు నేను...'

'తెలుసులేప్పా.'

నాకు అర్థం కాలేదు. ఆయన కౌంటరు వైపే చూస్తూ చెప్పాడు.

'నేను మానేసి ఆర్నెల్లయ్యుండె గదా. ముక్కు వచ్చేసింది నాకు. నువ్వు మోటారు షెడ్డులోంచి బయటికొస్తే తోట ఆ కొసన ఉండే నాకు తెలిసిపాయ. మొదట రెండు దినాలు మాత్రం ఆ డ్రమ్ముల వాసన ఎంత బాగుణ్ణింది తెలుసునా? నేనొక్కణ్ణే సూసినా దాన్ని. ఇంకెవురికీ తెలవదు.'

'అట్లైతే ఆ పొద్దే నన్ను తరిమేయాల్సింది గదన్నా! చెయ్యి పట్టుకుని చూసినావే, అప్పుడన్నా ఒక్క మాట అనుంటే...'

'ఏమని అనేది? ఆ మోకాలు ఇరగ్గొట్టింది నేను. ఆ నూనె కొనిచ్చింది నేను. పూసుకోవద్దని ఏ నోటితో సెప్పేది?'

నాకు ఏడుపు వచ్చింది. పెట్టెల మధ్య, ఖాళీ సీసాల వాసన మధ్య, నలభై దాటిన మనిషిని ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాను. ఆ వాసన కూడా నాకు తెలియలేదనుకోండి, ఉండి ఉంటుందని రాస్తున్నాను. ఆయన ఓదార్చలేదు. క్షమించాననీ అనలేదు. కర్ర గోడకు ఆనించి ప్యాంటు మోకాలి పైకి మడిచాడు. రెండు మోకాళ్ళూ వాచి నిగనిగలాడుతున్నాయి.

'సంచిలో ఉండేది బయటికి తియ్యి. నువ్వు వాకిట్లోకి రాంగానే వాసన వచ్చింది' అన్నాడు.

సీసా తీశాను. మూత తీస్తూ ఆగాను.

'వద్దన్నా. మళ్ళా ముక్కు పోతాది నీకు.'

'పోనీ. ఈడ ముక్కుతో పనేముండాది?'

నేల మీద కూర్చుని ఆయన మోకాళ్ళకు నూనె పట్టించాను, రెండింటికీ, చాలాసేపు. ఆయన కళ్ళు మూసుకుని, తనూ చేతులతో మోకాళ్ళు నిమురుకున్నాడు. బయట ఎవరో కమ్మీల మీద నాణెంతో కొట్టి పిలిచారు. ఆయన స్టూలు మీద నుంచి మెల్లగా లేచి, అలవాటుకొద్దీ మట్టి కోసం కింద చూసి, సిమెంటు నేల కనిపించి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని క్వార్టరు సీసా అందించడానికి పోయాడు.